పాతర మీద పడక

"ఆరలే బిడ్డా! పొద్దుగాల సంది చూస్తున్న, ఆరలే. జర వంగి నువ్వే చూడు. నీ డబ్బా ఏం చెప్పిందో నాకెర్కలే గని, మా పాతరల గాలి మాత్రం మంచిగనే ఉన్నది."

సత్తమ్మ నడిమి అర్రలో నేలమీద కూర్చుని రెండు చేతులతో తాడు పట్టుకుని ఉంది. ఆమె మంచాన్ని గోడకు నిలబెట్టారు. రోజూ మంచం ఉండే చోట బండ ఎత్తి పక్కకు జరిపి ఉంది. బండ కింద పాతర, చీకటి గొయ్యి. గోతిలోకి దించిన తాడు చివర కందిలి నిమ్మళంగా వెలుగుతోంది.

కల్యాణి భుజాన సంచి దించకుండానే వంగి చూసింది. నిజమే, వత్తి రెపరెపలాడడం కూడా లేదు.

"చూసినవా? ఇగ నా మనుమరాలు ఇయ్యాల్టి సంది మళ్ల నా పక్కల పండుకోవచ్చు. ఆ ఒక్క ముచ్చట మా కోడలికి చెప్పి పో. నీకు చాయ్ పెడత."

కల్యాణి చెప్పడానికి వచ్చింది సరిగ్గా దానికి ఎదురు మాట.

కల్యాణిది మహబూబాబాద్ అవతల ఒక తండా. డిగ్రీ అయ్యాక ఒక కాలేజీ వాళ్ల సర్వేలో కుదిరింది. భూపాలపల్లి దిక్కున బొగ్గుగని కార్మికుల ఇళ్ల నుంచి ఇటు జనగామ పల్లెల దాకా తిరిగి, జనం పడుకునే గదుల్లో అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా వేలాడదీయడం ఆమె పని. డబ్బాలో చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది. మూడు నెలలు గడిచాక దాన్ని దించి ల్యాబుకు పంపితే, ఆ గదిలో రాడాన్ ఎంత ఉందో వాళ్లు లెక్కగట్టి చెబుతారు. రాడాన్ అంటే నేలలోనూ రాతిలోనూ పుట్టే గ్యాస్, ఒక రకం గాలి. రంగుండదు, వాసనుండదు. ఆరుబయటకు వస్తే చెదిరిపోతుంది. మూసి ఉన్న ఇంట్లోకి పగుళ్ల గుండా వస్తే మాత్రం పోగవుతుంది. ఏళ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తులకు క్యాన్సర్ ముప్పు తెచ్చిపెడుతుంది. ఇంతా చెబితే చాలా ఇళ్లలో "మా సిలిండర్ కొత్తదే" అనేవాళ్లు. సత్తమ్మ మాత్రం అలా అనలేదు. డబ్బా కట్టిన రోజున "కంటికి కనవడకుంట ఇంట్ల ఉంటదా? మా అత్త సుత గట్లనే ఉంటది. సచ్చి ఎన్నేండ్లాయె, ఇంక అర్రల తిరుగుతున్నట్టే అనిపిస్తది" అంది. ఆ రోజు నుంచే కల్యాణికి ఆమె అంటే ఇష్టం.

బచ్చన్నపేట దగ్గరి ఆ ఊళ్లో తక్కిన ఇళ్ల లెక్కలు పరవాలేదనిపించాయి. ఈ ఇంట్లో కూడా ముందర గది బాగానే ఉంది. నడిమి అర్రలోనే రాడాన్ ఉండదగ్గ హద్దుకు మూడింతలకు పైన వచ్చింది. ఆ సంగతి మొన్ననే సత్తమ్మ కొడుకు ధీరజ్‌కు ఫోన్‌లో చెప్పింది. ఆ సాయంత్రమే కోడలు భావన తన ఏడేళ్ల కూతురు అక్షిత దుప్పటీ దిండూ తీసుకుపోయి ముందర గదిలో వేసింది. అక్షిత పాలు మరిచిన నాటి నుంచీ బాపమ్మ పక్కలోనే పడుకునేది. బాపమ్మ చెవి తమ్మె పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. సత్తమ్మ కూడా ముందర గదికి పోదామంటే అక్కడ ఇంకో మంచం పట్టదు.

"ఓ పిల్లా, దీపానికేం కాలేదు" వాకిట్లో నులకమంచం మీద నుంచి హన్మంత్ గొంతు వినిపించింది. సత్తమ్మ పెనిమిటి ఆయన. ఎండాకాలం, వానాకాలం ఆయన పడక వాకిట్లోనే. "దాన్ని దించినామెనే ఆరిపోతట్టున్నది. పొద్దుగాల సంది ఏం తినలే. నాకు చాయ్ సుత పొయ్యలే."

"నువ్వూకోరాదయ్యా! చుట్ట ముట్టిచ్చేటందుకు లేస్తవ్, చాయ్ పెట్టుకునేటందుకు కాళ్లు రావు."

కల్యాణి సంచి దించి సత్తమ్మ పక్కన కూర్చుంది. వెంటనే కాదనడానికి మనసు రాలేదు. పైగా ఈ గొయ్యి ఇక్కడ ఉందన్న సంగతే ఆమెకు ఇవాళ తెలిసింది. డబ్బా కట్టిన రోజున మంచమే కనిపించింది తప్ప కిందున్న బండ కనిపించలేదు.

"గీ పాతర ఎప్పటిదవ్వా?"

అంతే, సత్తమ్మ తాడును కిటికీ ఊచకు కట్టి, కాళ్లు చాపుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"నాకంటె ముందటిది బిడ్డా. మాది రఘునాథపల్లి దిక్కు. పెండ్లయి వచ్చిన్నాడు ఈ బండ చూసి, కింద ఏమున్నదత్తా అన్న. బంగారం అన్నది మా అత్త. నేను నమ్మిన. మా అవ్వగారింటికి పోయి, మా అత్తోల్లింట్ల నేల కింద బంగారమున్నదని ఊరంత చెప్పిన. ఆరు నెలలకు బండ తీస్తే ఏమున్నది? జొన్నలు!"

"అప్పుడు జొన్నలే బంగారం" అన్నాడు వాకిట్లోంచి హన్మంత్.

"నీకేమెర్క? నువ్వు దిగినవా ఎన్నడన్న? సన్నగున్ననని నన్నే దించేటోల్లు."

ఇంట్లో జొన్నలు అయిపోయినప్పుడల్లా పాతర తీయాలి. తీయడానికి ఒక పద్ధతి ఉండేది. ముందురోజే బండ జరిపి వదిలేసేవాళ్లు. ఒక పూటంతా ఎవరూ దాని దరికి పోకూడదు. మర్నాడు అత్త కందిలి దించేది. దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. ఆరితే బండ అట్లాగే తెరిచి ఉంచి ఆగాలి. మూసి ఉన్న గింజల గోతిలో ఊపిరాడని గాలి నిలుస్తుంది. పక్కూర్లో ఒకాయన దీపం దించకుండా దిగి మళ్లీ పైకి రాలేదట.

"మొదట్ల నాకు కోపమొచ్చేది బిడ్డా. కోడలు దిగేటందుకు ఇంత సేపా, పని ఎప్పుడైతది అనుకునేదాన్ని. ఒకనాడు దించంగనే దీపం టప్పున ఆరింది. మా అత్త నా జెడ పట్టుకొని ఎన్కకు గుంజింది. గింత గట్టిగ! నేను దిగనే లేదు, గట్టు మీదనే ఉన్న. అయిన గుంజింది. గుంజి, కాసేపు జెడ ఇడువలే. గప్పుడు తెలిసింది, ఆమెకు నేనంటె పాయిరమున్నదని. నోటితోని ఎన్నడన్న చెప్పిందా? చెప్పలే."

తర్వాత ఊళ్లోకి బోర్లు వచ్చాయి, పత్తి వచ్చింది, జొన్న పోయింది. పాతరలో పోయడానికి ఏమీ మిగల్లేదు. బండ మూసేశారు. ధీరజ్ పుట్టిన అర్ర అది. అత్త కన్నుమూసింది కూడా అక్కడే. ఆమె పోయాక సత్తమ్మ తన మంచాన్ని తెచ్చి సరిగ్గా బండ మీదే వేసుకుంది.

"బండ మీదనే ఎందుకవ్వా?"

"సల్లగుంటది బిడ్డా. ఎండకాలం సుత బండ సందు మీద కాలు పెడితె సల్లటి గాలి తగుల్తది. కరెంటు లేకున్న నిద్ర వస్తది."

ఆ మాటకు కల్యాణి తలెత్తి గదినంతా కొత్తగా చూసింది. మునుపు ఇంటికి గూన పెంకులుండేవట. పెంకుల సందుల్లోంచి గాలి వచ్చేది, పోయేది. ధీరజ్ పెంకులు తీసి స్లాబు వేయించాడు. ఉన్న ఒక్క కిటికీ నుంచి కోతులు చేయి పెట్టి అక్షిత బడిసంచీ గుంజుకుపోతే, భావన దానికి రేకు కొట్టించింది. కింద చూస్తే గొయ్యి, గోతి చుట్టూ రాతినేల. లోపలికి వచ్చిన గాలికి బయటికి పోయే దారే లేదు. ఆ చల్లటి సందుల మీద ముసలామె, పక్కన చిన్నపిల్ల.

"ఇగ చెప్పు బిడ్డా. భావనను పిలువాల్నా?"

భావన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కొంగు పట్టుకుని అక్షిత. పొద్దున దీపం దించేటప్పుడు సత్తమ్మే మనుమరాలిని సాక్ష్యానికి పిలిచి, "చూడు, ఆరకుంటే మన అర్ర మంచిదే. రాత్రి నా పక్కలకే రావాలె" అని మాట తీసుకుంది.

ఇక దాచడం కుదరలేదు. "అవ్వా, నీ దీపం ఆరలేదంటె పాతరల ఊపిరాడుతదని. అది నిజమే. గని నా డబ్బా కొలిచేది వేరే గాలి. అది ఎంత తక్కువుంటదంటె, బండెడు బియ్యంల ఒక్క మట్టిగడ్డ తీరు. దీపానికి అది తెల్వది. మన ఊపిరితిత్తులకే ఎన్నో ఏండ్లకు తెలుస్తది. దీపంతోని దాన్ని పట్టలేం."

సత్తమ్మ కందిలి వైపు చూసింది. తర్వాత కల్యాణి వైపు చూసింది. "మా అత్త దీపం అబద్ధం చెప్పిందంటవా?"

"అట్ల కాదవ్వా..."

"అంటె ఉత్తదేనా బాపమ్మా?" అంది అక్షిత. జవాబు కోసం ఆగలేదు. తల్లి కొంగు వదిలి ముందర గదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి అక్కడి నుంచి టీవీ చప్పుడు వినిపించింది.

సత్తమ్మ తాడు విప్పి కందిలి పైకి లాగి, నోటితో ఊది ఆర్పింది.

భావన వచ్చి అత్త పక్కన కూర్చుంది. "నన్ను తప్పు పట్టకు అత్తమ్మా. మా నాయిన భూపాలపల్లిల గనిపని చేసిండు గదా. ఆయన దగ్గు దేనితోని వచ్చిందో దవాఖానల సుత చెప్పలే. రాత్రంత దగ్గేటోడు, మేం పక్క గదిల ఇనుకుంట పండేటోల్లం. నాకు ఊపిరితిత్తుల మాటంటేనే భయం. పిల్లను దూరం చెయ్యాలని కాదు."

"నాకెర్కనే బిడ్డా" అంది సత్తమ్మ. "నిన్నేమంట నేను? పోరి నన్ను నమ్ముతలేదు. గదీ నా బాధ."

ధీరజ్ బచ్చన్నపేటలో ఎరువుల దుకాణం మూసి వచ్చేసరికి ఇల్లంతా పరేషాన్‌గా ఉంది. సంగతి విని, "గింతనేనా? రేపే ట్రాక్టర్ మొరం పోపిచ్చి కాంక్రీట్ ఏపిస్త. పాతర పీడ పోతది" అన్నాడు.

"పాతర పీడ ఎట్లయితదిరా? నిన్ను సాదింది దానిల జొన్నలే."

"అమ్మా, ఉత్త గొయ్యి కోసం కొట్లాడుతవా?"

"గొయ్యి కోసం కాదురా. పూడ్చితె ఆ గాలి యాడికి పోతది? ముందర గదిలకు పోతదేమో! అది చెప్పు ముందుగాల."

ధీరజ్ కల్యాణి వైపు చూశాడు. ఆమె వాకిట్లోకి వెళ్లి, సర్వే నడిపే సారుకు ఫోన్ చేసి గొయ్యి సంగతంతా చెప్పింది. ఆయన మొదట నవ్వాడు. తర్వాత గొయ్యి లోతు ఎంత, గోడలు రాతివా మట్టివా, బండ చుట్టూ సందులెంతున్నాయని అడగడం మొదలుపెట్టాడు. లోపలికి వచ్చేసరికి కల్యాణి ముఖం వెలిగిపోతోంది.

"ధీరజన్నా, పూడ్చకు. ఈ గాలి ఎక్కువున్న ఇండ్లల్ల నేలకు రంధ్రం చేసి, కింద చిన్న గొయ్యి తవ్వి, గోతిల పైపు పెట్టి, ఫ్యానుతోని గాలి గుంజి ఇంటి మీదికెల్లి ఇడుస్తరంట. చుట్టుపక్కల నేలల గాలంత ఆ గోతిలకే వస్తది, ఇంట్లకు రాదు. మీకు తవ్వే పనే లేదు. బండ సందులు గట్టిగ మూసి, పైపు పెడితె చాలన్నడు సారు."

"పాతరకు పైపా?" అన్నాడు ధీరజ్.

"పెట్టురా" అంది సత్తమ్మ. అసలు ఏమిటో ఎందుకో ఆమె అడగలేదు. "పైపు పెడితె పిల్ల వస్తదా?" అని కల్యాణిని అడిగింది.

"పెట్టినంక మళ్ల డబ్బా కడత అవ్వా. అది మంచిగ చెప్తె వస్తది."

మేస్త్రి దామోదర్‌కు ఈ పని అప్పజెప్పారు. అతను గోతిలోకి తొంగిచూసి తల గోక్కున్నాడు. "పొయ్యికి పొగగొట్టం పెట్టిన, లెట్రిన్‌కు పైపు పెట్టిన. ఏం లేని బొందకు పైపు పెట్టుడు నా బతుకుల ఇదే మొదటిసారి."

"ఏం లేకపోవుడేంది? నన్ను కన్న అవ్వ ఉన్నది లోపట" అన్నాడు హన్మంత్. "కోడలు మంచం మీదేసుకొని పండుకుంటె ఊపిరాడుతలేదంట."

దామోదర్ బండను మళ్లీ పాతర మీదికి జరిపి, చుట్టూ ఉన్న సందులను సిమెంటుతో, దాని మీద రబ్బరులా సాగే మందుతో పూడ్చాడు. గదిలో షాబాద్ బండల మధ్య పగుళ్లన్నీ వెతికి మూశాడు. బండకు తొలిచిన రంధ్రంలోంచి పైపు పైకి తెచ్చి, గోడ మూల వెంట స్లాబు దాటించాడు. మేడ మీద పైపుకు ఫ్యాను బిగించి, పైన మూతికి జాలీ కట్టాడు. కిటికీకి ఉన్న రేకు తీసేసి, కోతి చెయ్యి పట్టనంత సన్నటి ఇనుప జాలీ వేశాడు. మర్నాడే కోతుల గుంపు వచ్చి పైపు చుట్టూ కూర్చుంది. ఒక పెద్ద కోతి జాలీకి చెవి ఆనించి ఫ్యాను చప్పుడు వింటుంటే, ఊరి పిల్లలంతా చూడడానికి వచ్చారు.

సత్తమ్మ అంతటితో ఆగలేదు. చుట్ట తాగే ఊపిరితిత్తులకు ఈ గాలి మరింత చెడు చేస్తుందని కల్యాణి అన్న మాటను పట్టుకుని, చుట్ట కాల్చేవాళ్లు గేటు బయటికే పోవాలని శాసనం చేసింది. "నేను పండేదే బయట గదనే!" అని హన్మంత్ మొత్తుకున్నాడు. "నీ పొగ లోపటికొస్తది. పిల్ల ఉన్న ఇల్లు" అంది. ఆయన రెండు రోజులు అలిగాడు. ఆ తర్వాత గేటు బయట అరుగు మీద కూర్చుని కాల్చాడు. పోయేవాళ్లంతా ఆగి ఎందుకని అడుగుతుంటే, చెప్పలేక చుట్టలు తగ్గించుకున్నాడు. ఆ ఒక్కటి మాత్రం సత్తమ్మ అనుకున్న దానికంటే తొందరగా అయింది.

కొత్త డబ్బా కట్టాక అసలు ఓపిక అవసరమైంది. లెక్క తేలేదాకా సత్తమ్మను కూడా ఆ అర్రలో పడుకోనివ్వలేదు. ఆమె మంచం వాకిట్లోకి వచ్చింది. రాత్రిళ్లు హన్మంత్ గురక ఒకవైపు, కుక్కలు ఒకవైపు. నడుమ నడుమ కల్యాణికి ఫోన్ చేసేది.

"బిడ్డా, డబ్బా నిండిందా?"

"నిండేది కాదవ్వా అది. నెలలు పడతది."

"గట్లనా. నువ్వు తిన్నవా?" అని, అడగాల్సింది అడిగేశాక వేరే ముచ్చట్లలోకి దిగేది. పత్తికి పురుగు పడింది. అక్షితకు ముందరి పన్ను ఊడింది. ఊడిన పన్ను మేడ మీదికి విసరడానికి బాపమ్మను పిలిచింది గానీ, పడుకోవడానికి పిలవలేదు. ఒకసారి చెబుతూ చెబుతూ ఆగి, "పోరి నేను ఏం చెప్పినా, నిజంగనా అని వాళ్ల అమ్మను అడుగుతున్నది బిడ్డా. ఇదివరకు అడుగకపోయేది" అంది. ఆ రోజు కల్యాణి మహబూబాబాద్ స్టేషన్‌లో ఉంది. రైలు వచ్చి ఆగినా ఎక్కకుండా, ఆమె మాట అయ్యేదాకా నిలబడింది.

రెండో లెక్క వచ్చిన రోజున కల్యాణి ఫోన్ చేయలేదు. తనే బస్సెక్కి వచ్చింది. భావన గడప దగ్గర చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. సత్తమ్మ కల్యాణిని చూడగానే లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుని నిలబడింది.

"తగ్గింది అవ్వా. హద్దుకు కిందనే ఉన్నది. ముందర గదికీ నడిమి అర్రకూ ఇప్పుడు పెద్ద తేడా లేదు. ఫ్యాను బంద్ చెయ్యకుండ్రి, కిటికీ తెరిచి పెట్టుండ్రి. ఏడాదికొక పారి మళ్ల కొలుద్దాం."

భావన చేట పక్కన పెట్టింది. "నిజంగనా?" అని కల్యాణి ఫోన్‌లో ఉన్న కాగితాన్ని రెండుసార్లు పైనుంచి కిందికి చదివింది. చదివి, వాకిట్లోకి పోయి సత్తమ్మ మంచం మీది బొంతను దులిపి ఎండలో వేసింది. తిరిగి వస్తూ, "నాకేం అడ్డం లేదు అత్తమ్మా. అక్షిత వస్తనంటె ఇయ్యాల్నే పండుకోబెట్టుకో" అంది.

హన్మంత్ అరుగు మీద నుంచి, "సత్తమ్మా, ఇగ నా చుట్ట లోపటికి రావచ్చునా?" అని అరిచాడు.

సత్తమ్మ సంబరపడుతుందని కల్యాణి అనుకుంది. ఆమె మాత్రం చాయ్ పెట్టి ఇచ్చి, ఎదురుగా కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా గడప వైపే చూస్తూ ఉంది. 'వస్తనంటె' అన్న కోడలి మాట దగ్గరే ఆమె ఆగిపోయినట్టుంది. ఇన్ని నెలల్లో పిల్లకు తల్లి పక్క అలవాటైంది. ముందర గదిలో టీవీ ఉంది. అర్ర బాగైందని తను చెబితే, అక్షిత మళ్లీ తల్లి ముఖం వైపు చూస్తుంది. ఆ చూపు ఇంకోసారి చూడడం సత్తమ్మ వల్ల కాదు.

కల్యాణి సంచి భుజాన వేసుకుని లేచింది. సత్తమ్మ గేటు దాకా వచ్చింది. ఒక కవరులో కంకులు పెట్టి చేతికిచ్చింది. కల్యాణి బస్టాండు దారి పట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"బిడ్డా, నీ బస్సుకు ఇంక టైమున్నది గదా? జర బడి ముందటికెల్లి పో. ఇప్పుడు అన్నాలకు ఇడుస్తరు, అక్షిత చెట్టుకింద పిల్లలతోని ఆడుకుంట ఉంటది. నువ్వే చెప్పు. మీ బాపమ్మ అర్రల గాలి మంచిగైంది, నేను కొలిచిన అను. గంతే. రమ్మని బతిమిలాడకు, బాపమ్మ ఏడుస్తున్నదని చెప్పకు. నేను పంపిన్నని సుత చెప్పకు. అర్ర సంగతొక్కటి చెప్పి, నీ తొవ్వ నువ్వు పో."